ఖాళీ వరుసలో ఒక్క సంతకం

టైపు కొట్టేవాడికి పది వేళ్లుంటే చాలు, నోటితో పని లేదు. ఈ మాట నాకెవరూ చెప్పలేదు. చెప్పినా వినేవాణ్ని కాదనుకోండి. ఆబిడ్స్‌లో బట్టల దుకాణంలో గల్లా పక్కన పెరిగినవాణ్ని. మాట్లాడకుండా చేసిన పనిని మా ఇంట్లో పని కింద జమకట్టరు. మా నాయన గుడ్డ కొలిచేటప్పుడు కూడా ఏదో ఒకటి చెబుతూనే ఉండేవాడు, కొనేవాళ్ల చూపు గజం బద్ద మీద నిలవకుండా. ఆయన పోయాక దుకాణం మా అన్న వంతుకు పోయింది. నా వంతుకు ఆ నోరొచ్చింది.

దాన్ని వెంటబెట్టుకుని నాంపల్లి స్టేషను దగ్గర ఒక గల్లీలో, మెట్ల కింద ఇరికించిన డీటీపీ సెంటరులో ఆపరేటరుగా చేరాను. అక్కడే రిటైరయ్యాను. పొద్దున పూట వకీళ్ల గుమాస్తాలొచ్చేవాళ్లు. మధ్యాహ్నం నుంచి సినిమా వాళ్లు. సినిమా వాళ్లంటే పోస్టర్ల మీద కనిపించేవాళ్లు కాదు, ఎప్పుడో ఒకప్పుడు కనిపిస్తామని అనుకునేవాళ్లు. తెలుగు తప్పుల్లేకుండా కొడతానని, స్క్రిప్టు పద్ధతి తెలుసునని నా దగ్గరికొచ్చేవాళ్లు. పేజీకి ఎడమ పక్క ఏం జరుగుతోందో, కుడి పక్క ఎవరేమన్నారో. మీరిప్పుడు ఫోనుకు చెబితే అదే కొట్టేస్తుందట. అదే నయం. అది కథ మధ్యలో సలహాలివ్వదు.

నేను కొట్టిన స్క్రిప్టుల్లో సగానికి సగం సస్పెన్సే. ఒక ఇల్లు, నలుగురు మనుషులు, ఒక శవం ఉంటే చాలు, సినిమా తీసెయ్యవచ్చని కొత్తవాళ్ల నమ్మకం. వాటన్నిటిలో వాన పడేది. కరెంటు పోయేది. నమ్మకస్తుడైన నౌకరు ఒకడు ఎందుకో తలుపు చాటున నిలబడేవాడు. ఒకరి కథలోని శవాన్ని తీసి ఇంకొకరి కథలో పడుకోబెట్టినా పోలీసులకు తేడా తెలిసేది కాదు. మరి ఇదంతా నకలా అంటే, ఏమో. మా బజారులో పక్క దుకాణంలో బాగా ఆడిన చీర అంచు వారం తిరక్కుండా మన దుకాణంలో వేలాడితే దాన్ని దొంగతనం అనరు, ఫ్యాషన్ అంటారు. అంచూ, పువ్వూ, పువ్వులో దారం తప్పిన చోటూ కూడా ఒకటే అయితే అప్పుడు కొట్టుకుంటారు. తప్పు సహా ఎత్తుకొచ్చినవాడే దొంగ అని మా నాయన తీర్పు. సినిమాలకు అది ఎంతవరకు పనికొస్తుందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఒకరోజు ఒక టీచరమ్మ వచ్చింది. మెదక్ వైపు అమ్మాయి, క్రైస్తవుల ఇల్లు, ఇక్కడ బడిలో సైన్సు చెప్పేది. నోటుబుక్కు నిండా కథ రాసుకొచ్చింది. ఒక బళ్లో ఒక టీచరును ఆదివారం చంపేస్తారు. చంపినవాడు ఆ బడి గుమాస్తా. సోమవారం దాకా ఆమె బతికే ఉందని అందరూ అనుకోవాలని హాజరు రిజిస్టరులో సోమవారం గడిలో ఆమె సంతకం ఆదివారమే తనే పెట్టేస్తాడు. సోమవారం తను వేరే ఊళ్లో ఉంటాడు కాబట్టి అతణ్ని ఎవరూ అనుమానించరు. చివరికి చేతిరాత నిపుణుడొచ్చి సంతకం దొంగదని తేలుస్తాడు. అదీ కథ.

అక్కడిదాకా నోరు కట్టుకున్నాను. ఆ నిపుణుడు రాగానే ఆగలేకపోయాను. చేతిరాతతో పట్టించడం పాతబడిపోయిందమ్మా అని మొదలుపెట్టి మా నాయన దుకాణం సంగతి చెప్పాను. మా దుకాణంలో పనిచేసే ఒకాయన అత్తగారి ఊరికి పోవాలని, శనివారం సాయంత్రమే సోమవారం గడిలో సంతకం పెట్టేసి వెళ్లిపోయాడు. ఆదివారం బజారు పెద్ద ఒకాయన కాలం చేశాడు. సోమవారం బజారంతా బందు పెట్టి శవయాత్రకు నడిచాం. మంగళవారం మా నాయన రిజిస్టరు తెరిస్తే ఏముంది? సోమవారం వరుస మొత్తం ఖాళీ, మధ్యలో ఒక్క సంతకం.

టీచరమ్మ నోటుబుక్కు మూసేసింది. పది రోజుల దాకా మళ్లీ రాలేదు. మందలించినట్టయిందేమోనని బాధపడ్డాను. మా వాళ్లకదే తెలుసు: కూరగాయలు కొన్నవాళ్ల సంచీలో కరివేపాకు రెబ్బ పడేసినట్టు, టైపుతో పాటు ఒక సలహా కొసరు. అడిగారా లేదా అన్నది లెక్క కాదు.

పదకొండో రోజు వచ్చి నా పక్కన స్టూలు మీద కూర్చుంది.

"అంకుల్, మీ సంతకం తీసుకున్న. గానీ మీ పెద్దమనిషిని తీసేసిన."

"ఎందుకమ్మా, మంచి శవం గదా."

"పెద్దమనిషి పోతే ఒక్క బజారే బందయితది. వానకు సెలవిస్తే ఊరంత బందయితది. సినిమా సూసెటోళ్లు గూడ తెర మీద ఆ వానను సూస్తనే ఉంటరు. వాళ్లందరికీ ఎరకే, సోమవారం బడి లేదని. అయినా ఎవ్వరికీ తట్టదు."

నా వేళ్లు ఆగిపోయాయి. అన్ని స్క్రిప్టుల్లోనూ వాన పడేది, కానీ పనేమీ లేకుండా పడేది. ఈ అమ్మాయి వాన చేత పని చేయించింది.

మూడు ప్రతులు తీశాక ఒక దాన్ని కవరులో పెట్టి, సీలేసి, ఆబిడ్స్ పోస్టాఫీసు నుంచి తన పేరున తనకే రిజిస్టరు పోస్టు చేసుకోమన్నాను. తేదీ ముద్ర పడుతుంది, విప్పకుండా దాచుకుంటే సాక్ష్యం అవుతుందని కొత్త రచయితల నమ్మకం. వకీలు గుమాస్తాలు దీన్ని చూసి నవ్వేవాళ్లు, కోర్టులో దీనికి తాయెత్తుకున్నంత విలువేనని. ఆమె మాత్రం నేను చెప్పినట్టే చేసింది. ఆ కవరును బైబిలూ సర్టిఫికెట్లూ ఉండే పెట్టెలో పెట్టుకున్నానని తరవాత చెప్పింది.

రెండు మూడు నెలలకు ఒక అసిస్టెంటు డైరెక్టరొచ్చాడు. కోస్తా వైపు అబ్బాయి, ఖైరతాబాద్‌లో నలుగురితో కలిసి గదిలో ఉండేవాడు. నన్ను బాబాయ్ అనేవాడు. అతని కథ ఒక గ్రంథాలయంలో నడుస్తుంది. అక్కడి ఉద్యోగిని ఒకామె హత్య. అంతా రాసుకున్నాడు, ముగింపు లేదు.

"చంపడం వచ్చింది బాబాయ్, పట్టుకోవడమే రావట్లేదు" అన్నాడు.

అతని మొహం చూస్తే జాలేసింది. సంతకం ముందే పెట్టినట్టు పెట్టుకోమన్నాను. తెల్లారి వానకు సెలవిచ్చిన్రనుకో, వరుస మొత్తం ఖాళీగుంటది, ఒక్క సంతకం ఉంటది, అన్నాను. ఆ పిల్లవాడు లేచి నా కాళ్లకు దండం పెట్టాడు. నా కాళ్లకు నా సొంత కొడుకులు పండగ పూట కూడా దండం పెట్టరు. అది తలకెక్కింది. ఇది మీ సొంతమేనా బాబాయ్ అని అడిగాడు. మా నాయన దుకాణంల జరిగిందే అని గర్వంగా చెప్పాను. అందులో అబద్ధం లేదు. కాకపోతే వాన ఎవరి నోట్లోంచి వచ్చి నా నోట్లో చేరిందో ఆ క్షణాన నాకు తట్టలేదు. మా బజారులో ఒకే చీరను ఇది మీకోసమే పక్కకు పెట్టిందని ఇద్దరికి చూపిస్తాం. చీరకైతే రెండో ప్రతి గోదాములో ఉంటుంది.

రెండేళ్లకు ఆ అబ్బాయి డైరెక్టరయ్యాడు. సినిమా ఆడింది. నేను మా ఆవిడను తీసుకుని మ్యాట్నీకి పోయాను. తెర మీద వాన మొదలైంది. రిజిస్టరు తెరిచారు. ఖాళీ వరుసలో ఒక్క సంతకం. హాలంతా చప్పట్లు. నేనూ కొట్టాను. రెండు చప్పట్లు కొట్టాక మూడోదానికి చేతులు కలవలేదు.

వారంలో టీచరమ్మ వచ్చింది. కోపంగా లేదు, అదే భయం వేసింది నాకు.

"సూసిన్రా అంకుల్?"

"సూసిన."

సంగతేమిటంటే, ఆమె కథ ఒక నిర్మాత దగ్గర ఆరు నెలలుగా ఉంది. తీద్దామనే దాకా వచ్చాడు. ఈ సినిమా వచ్చాక స్క్రిప్టు వెనక్కి పంపించి, కొట్టేసిన కథలు తేవద్దని చెప్పించాడు. "నా కథ నేనే కాపీ కొట్టిననంటున్రు" అంది. ఆమెకు కావలసింది ఒక్కటే. సినిమా ఇంకో నెలలో ఓటీటీలోకి పోతుంది. ఆ ప్రతిలో కథ అన్న చోట తన పేరు పడాలి. పడకపోతే ఇక ఏ ఆఫీసు మెట్లెక్కినా దొంగ కిందే లెక్క.

ఇద్దరికీ తెలిసిన పెద్దాయన ఒకరు, వయసు మళ్లిన రచయిత, మధ్యవర్తిగా కూర్చుంటానన్నారు. లక్డీకాపూల్‌లో ఒక హోటలు మీది గదిలో కలుద్దామనుకున్నారు. నా స్క్రిప్టు కొట్టిన తేదీ మీకు తెలుసు కదా, వచ్చి చెప్పండి అంకుల్ అని టీచరమ్మ పిలిచింది. ఆ సంతకం ఎక్కడినుంచి వచ్చిందో మీకు తెలుసు కదా, వచ్చి చెప్పండి బాబాయ్ అని డైరెక్టరు పిలిచాడు. ఇద్దరికీ వస్తానన్నాను. గిరాకీని కాదనడం మా ఇంట్లో ఎవరికీ నేర్పలేదు. ఆటోవాడితో బేరమాడుతూ ఎవరి తరఫున పోతున్నానో ఆలోచించడం మరిచిపోయాను.

పెద్దాయన ముందు కవరు మీది ముద్రను కిటికీ దగ్గర పెట్టి చూశారు. తరవాత పేనాకత్తితో అంచు కోశారు. ఆ చప్పుడుకు టీచరమ్మ కళ్లు మూసుకుంది. రిజిస్టరు సీను దగ్గర పేజీ తిప్పకుండా చాలాసేపు ఉండిపోయారు. చదివి కాగితాలు డైరెక్టరు ముందుకు జరిపారు. అతను చదివాడు. ఆ మొహం చూసి నేను ఇప్పటికీ నమ్ముతాను, అతను ఆ కాగితాలు అంతకు ముందు చూడలేదు.

"గురువుగారూ, ఈమె స్క్రిప్టు నేను ఎరగను" అన్నాడు. "సస్పెన్స్ సినిమాలన్నీ ఒకదానికొకటి చుట్టాలే. చిన్నప్పటి నుంచి నేను చూసినవన్నీ నా సినిమాలో ఉన్నాయి. కావాలనే పెట్టాను. మెట్ల మీద నీడ, ఆగిపోయిన గడియారం, అవన్నీ నివాళులు. ఈ సంతకం మాత్రం బాబాయ్ ఇచ్చాడు."

"నివాళి అంటే అందుకున్నవాడికి తెలియాలి కదా నాయనా" అన్నారు పెద్దాయన. "చూసినవాడు గుర్తుపట్టి నవ్వుకుంటే నివాళి. గుర్తుపట్టకూడదని నువ్వు దేవుడికి మొక్కుకుంటే అది ఇంకోటి. ఇది ఏది?"

అతను తడబడ్డాడు. గుర్తుపట్టాలనీ అనుకోలేదు, పట్టకూడదనీ అనుకోలేదు, నాకు దొరికింది కాబట్టి నాదే అనుకున్నానన్నాడు. ఆ మాట న్యాయంగానే తోచింది. టీచరమ్మను చూస్తే అదీ న్యాయంగానే తోచింది. ఇంతలో పెద్దాయన నా వైపు తిరిగారు.

మా నాయన దుకాణం సంగతి చెప్పాను. ఎలా చెప్పానంటారా, పట్టుచీర మడత విప్పినట్టు చెప్పాను. అత్తగారి ఊరు, బందు బజారు, రిజిస్టరు, ఖాళీ వరుస. బందు ఎందుకో మాత్రం మడతలోనే ఉండిపోయింది. ముగ్గురూ నోరు తెరుచుకుని విన్నారు. పెద్దాయనకు బరువు దిగినట్టయింది. అయితే ఇది ఎవరి కల్పనా కాదు, లోకంలో జరిగిన ముచ్చట, ఒకే పంపు దగ్గర ఇద్దరు బిందెలు నింపుకున్నారు అని తేల్చారు. పేరు వెయ్యాలంటే ఈయన పేరే వెయ్యాలి అన్నారు. డైరెక్టరు వెంటనే ఒప్పుకున్నాడు. కృతజ్ఞతలు అని, నా పేరు.

ఇక్కడ నేను చేసిన పని రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తాను. బేరమాడాను. ఆ పేరు చివర్లో వేస్తామన్నాడు. చివర్లో వేస్తే జనం అప్పటికి స్కూటరు తాళాలు తీసుకుంటుంటారు, మొదట్లో పడాలి అన్నాను. విడిగా పడాలి, మేకప్ వాళ్ల గుంపులో కాదన్నాను. అతను తలూపాడు. ఇంకేం అడుగుదామా అని ఆలోచిస్తుండగా టీచరమ్మ నోరు విప్పింది.

"అంకుల్, మీ నాయన దుకాణం వాన పడ్డందుకు బందు పెట్టిన్రా?"

నా బుర్రలో రెండు సోమవారాలు కలిసిపోయాయి. ఒకదానిలో వాన, ఇంకోదానిలో శవయాత్ర. ఎక్కడ ఏది ఉందో నిజంగానే ఒక క్షణం తెలియలేదు. రెండో క్షణానికి తెలుస్తుందని మాత్రం తెలుసు. అందుకే రెండో క్షణం దాకా ఆగలేదు.

"యాదికి లేదమ్మా, శానా ఏండ్లయింది" అన్నాను.

ఆమె కోసిన కవరు తీసుకుంది, కాగితాలు తీసుకుంది, సర్ది బ్యాగులో పెట్టుకుంది. పెద్దాయనకు దండం పెట్టి వెళ్లిపోయింది. డైరెక్టరు నన్ను కావలించుకున్నాడు. హిమాయత్‌నగర్ దాకా తన కారులో దింపాడు కూడా. నాకు పోవలసింది నాంపల్లికి. ఆ మాట చెప్పడం కూడా మరిచిపోయాను.

ఇంట్లో చెప్పాను, తెర మీద నా పేరు పడబోతోందని. మా ఆవిడ నలుగురికి చెప్పింది, వాళ్లు పదహారుమందికి. మా అన్న ఫోను చేసి దుకాణానికి రమ్మన్నాడు. పోతే చాయ్ తెప్పించి, మనోళ్లలో సినిమాలకు పోయినోడు నువ్వే అన్నాడు. నేను ఎటో చూస్తూ, ఆ సోమవారం వాన పడిందా అన్నా అని అడిగాను.

"ఏంది వాన? మే నెల అది" అన్నాడు అన్న. "ఎండ మాడ్సింది. శవం ఎనుక చెప్పుల్లేకుంట నడిస్తే నీ కాళ్లు బొబ్బలెక్కె. నాయన మూడు రోజులు నీ అరికాళ్లకు వెన్న రాసిండు. గది గూడ మరిచినవా?"

మరిచిపోలేదు. వెన్న వాసనతో సహా వచ్చింది. అయితే సంతకం మా దుకాణానిది, వాన టీచరమ్మది. తెర మీద జనం చప్పట్లు కొట్టింది వానకా, సంతకానికా? నిజానికి సంతకం పెట్టినవాడు మా దుకాణంలో పనిచేసినాయన. ఆయన్ను మా నాయన అదే వారం పనిలోంచి తీసేశాడు. నివాళి ఎవరికి, నకలు ఎవరిది? రెండు రాత్రులు ఆలోచించాను. ఎంత ఆలోచించినా తలా తోకా దొరకలేదు. ఒక్కటి మాత్రం తేలింది. ఆ అమ్మాయి అడిగింది ఇదంతా కాదు. వాన పడిందా అని అడిగింది. దానికి జవాబు నా దగ్గరుంది.

తెల్లారి సెంటరుకు పోయి నా మీద నేనే ఒక కాగితం కొట్టుకున్నాను. ఫలానా నెలలో ఆమె స్క్రిప్టు టైపు చేశానని, వానా సెలవూ ఆమె కల్పనేనని, దాన్ని నేను తెలియక రెండోవారి చెవిన వేశానని, మా నాయన దుకాణం బందు పెట్టిన రోజు ఎండ కాసిందని. నాంపల్లి కోర్టు ముందు కూర్చునే నోటరీ చదివి, ఎండ సంగతి కూడా ప్రమాణం చేసి చెప్పాలా అని అడిగాడు. చెప్పాలన్నాను. అతను అడిగినంత ఇచ్చేశాను. బేరమాడనందుకు అతనికే అనుమానం వచ్చి ముద్ర రెండుసార్లు వేశాడు.

బడికి పోయేసరికి టీచరమ్మ వరండాలో పరీక్ష పేపర్లు దిద్దుతోంది. కాగితం ఇచ్చాను. నిలబడి చదివింది. ఎక్కడా ఆగకుండా చివరిదాకా చదివి, మళ్లీ మొదటికి పోయింది.

"గీ మాట ఆ రోజు ఎందుకు చెప్పలే అంకుల్?"

దారంతా జవాబులు తయారు చేసుకునే వచ్చాను. వయసు, మతిమరుపు, పెద్దాయన ముందు గాభరా.

"నా పేరు తెర మీద పడుతదన్నరమ్మా."

ఆమె ఎర్ర పెన్ను మూత పెట్టింది. తిడుతుందని చూశాను.

"నేను గూడ దానికోసమే వచ్చిన గద" అంది.

గంట కొట్టారు. ఆమె కాగితం మడిచి హాజరు పట్టీలో పెట్టుకుని క్లాసుకు వెళ్లింది.

ఆ కాగితాన్ని ఆమె పెద్దాయనకు పంపింది. ఆయన డైరెక్టరును పిలిపించారు. అతను పదిహేను రోజులు నా ఫోను ఎత్తలేదు, నేను చేసింది మోసమన్నాడట. అతని వైపు నుంచి చూస్తే కాదనలేను. అతను తీసుకున్నది నేనిచ్చిందే. చివరికి ఓటీటీ ప్రతిలో కథ అన్న చోట రెండు పేర్లు పడ్డాయి, అతనిది ముందు, ఆమెది తరవాత. ఆమె సగం గెలిచిందో, అతను సగం ఓడాడో, నాకు అర్థం కాలేదు. ఆ నిర్మాత మాత్రం ఆమెను మళ్లీ పిలిచాడని విన్నాను. కృతజ్ఞతల కార్డు తీసేశారు. తీసెయ్యమని చెప్పింది నేనే.

ఆ సినిమా ఇప్పటికీ అప్పుడప్పుడు పెట్టుకుంటాను. పేర్లు అయిపోగానే ఆపేస్తాను. ఆమె పేరు పడుతుంది, సంతోషమేస్తుంది, అది నిజం. కానీ పేర్లు మొదలైనప్పటి నుంచి అక్కడిదాకా నా కళ్లు వెతికేది నా పేరునే.